కొత్త విద్యార్థులతో కొండబాట: ఇంజినీరింగ్ కళాశాలలో పరిచయ యాత్రను సక్రమంగా నిర్వహించే విధానం

మొదటి సంవత్సరం విద్యార్థులను తరగతులు మొదలయ్యే రోజుల్లో కొండల్లోకి తీసుకెళ్లి రెండు పగళ్లు, ఒక రాత్రి గడిపించి తీసుకురావాలంటే ఏ పని ముందు చేయాలి, ఏ పని తర్వాత చేయాలి అని అధ్యాపకులు, వ్యాయామ అధ్యాపకులు, సీనియర్ విద్యార్థులు పదేపదే అడుగుతున్నారు. ఏఐసీటీఈ (అఖిల భారత సాంకేతిక విద్యా మండలి) కొత్త విద్యార్థుల కోసం సూచించిన మూడు వారాల ఇండక్షన్ కార్యక్రమంలో శారీరక వ్యాయామానికీ, స్థానిక ప్రదేశాల సందర్శనకూ చోటుంది కాబట్టి, ఇలాంటి యాత్రకు సమయం కొత్తగా వెతుక్కోనక్కర్లేదు. వెతుక్కోవలసింది ఓపికగా చేసే ముందస్తు తయారీని.

హైదరాబాద్‌కు దాదాపు 80 కిలోమీటర్ల దూరంలో ఉన్న వికారాబాద్ అనంతగిరి కొండలను, 60 మంది విద్యార్థుల జట్టును ఉదాహరణగా తీసుకుని ఈ క్రమాన్ని వివరిస్తున్నాను. మదనపల్లె వైపు కళాశాలలు హార్స్‌లీ హిల్స్‌కూ, విశాఖ వైపు కళాశాలలు అదే పేరుతో అక్కడున్న మరో అనంతగిరికీ, అరకు కొండలకూ ఇదే క్రమాన్ని స్వల్ప మార్పులతో వాడుకోవచ్చు.

## 1. ఉద్దేశాన్ని ఒక్క వాక్యంలో రాసుకోండి

తొలి సమావేశంలోనే ఈ వాక్యాన్ని కాగితం మీద పెట్టండి: తరగతులు ఊపందుకునే లోపు ప్రతి కొత్త విద్యార్థికీ పేరు పెట్టి పిలవగలిగే తోటివారు పదిమందీ, ఏ సందేహమైనా అడగగలిగే సీనియర్లు ఇద్దరూ ఉండాలి.

తర్వాత వచ్చే ప్రతి నిర్ణయాన్నీ ఈ వాక్యంతో పోల్చి చూడాలి. శిఖరం చేరడం, వేగంగా నడవడం, ధైర్యం ప్రదర్శించడం ఇందులో లేవు. అందుకే బృందానికి పదిమందికి మించి ఉండకూడదు. అందరూ కలిసి ఒకే గుంపుగా వెళ్తే అది విహారయాత్ర అవుతుంది, పాత స్నేహితులు పాత స్నేహితులతోనే తిరిగి వస్తారు.

వచ్చే విద్యార్థులు ఎవరో కూడా గుర్తుంచుకోవాలి. వారిలో చాలామంది ఇంటర్మీడియట్ రెండేళ్లూ రెసిడెన్షియల్ కళాశాలల్లో మైదానం ముఖం చూడకుండా చదివి, ఎప్‌సెట్ రాసి వచ్చినవారు. ఐదు కిలోమీటర్లు ఆగకుండా నడిచి ఎన్నాళ్లయిందో వారికే తెలియదు. మరికొందరు పల్లెల నుంచి వచ్చి నడకలో అందరికంటే ముందుంటారు, కానీ ఇంగ్లిష్‌లో మాట్లాడవలసి వస్తుందేమోనన్న బెరుకుతో నోరు విప్పరు. యాత్ర ఈ ఇద్దరికీ పనికిరావాలి.

## 2. చోటు, కాలం ఎంచుకోండి

మన దగ్గర మొదటి సంవత్సరం తరగతులు మొదలయ్యేది సాధారణంగా వానాకాలంలోనే. కొండలు పచ్చగా ఉండే ఈ కాలంలోనే వాగులు పొంగుతాయి, బండలు జారుతాయి, పిడుగులు పడతాయి. వీలైతే సెప్టెంబర్ చివరి వారానికో, అక్టోబర్‌కో యాత్రను జరపడం మేలు. ఇండక్షన్ వారాల్లోనే జరపాలనుకుంటే వాగు దాటనవసరం లేని దారిని మాత్రమే ఎంచుకోవాలి.

మొదటిసారి నిర్వహించేవారు బరువులు మోసుకుంటూ రోజుకొక చోట గుడారం వేసే యాత్ర జోలికి పోకుండా, ఒకే చోట బస చేసి అక్కడి నుంచి పగటి నడకలకు వెళ్లి రావడం నా దృష్టిలో సరైన పద్ధతి. అనంతగిరిలో పర్యాటక శాఖ వసతి ఉంది, కొండల కిందే వికారాబాద్ పట్టణం, అక్కడ ప్రభుత్వ ఆసుపత్రి ఉన్నాయి. వానొస్తే తలదాచుకునే కప్పు, ఆడపిల్లలకు తలుపున్న మరుగుదొడ్డి ఉన్న చోటే రాత్రి బసకు తగినది.

నల్లమలలోని పులుల అభయారణ్యాలను ఈ పనికి ఎంచుకోకండి. అక్కడ రాత్రి బసకు, కాలినడకకు ఉండే ఆంక్షలు కఠినమైనవి. కొత్తగా చేరిన 60 మందితో పాటించగలిగేవి కావు.

చోటు ఖాయం చేసే ముందు ఈ ప్రశ్నలన్నిటికీ అవునని జవాబు రావాలి:

- బస చేసే చోటికి అంబులెన్స్ నేరుగా రాగలదా?
- దారిలో ఏ బిందువు నుంచైనా గంటన్నరలోపు రోడ్డెక్కగలమా?
- దారిలో వాగు, చెరువు, జలపాతం దాటకుండా నడవగలమా?
- దగ్గరి ఆసుపత్రిలో పాముకాటు మందు ఇరవై నాలుగు గంటలూ అందుబాటులో ఉందని ఫోన్ చేసి నిర్ధారించుకున్నామా?
- రెండు వేర్వేరు కంపెనీల ఫోన్ సిగ్నల్ ఎక్కడెక్కడ అందుతుందో తెలుసా?

## 3. దారిని ముందుగా నడిచి చూడండి

ఈ మెట్టును దాటవేసేవారే ఎక్కువ. ఇంటర్నెట్‌లో దొరికిన మ్యాప్‌ను, ఎవరో ఎండాకాలంలో వెళ్లొచ్చి చెప్పిన మాటను నమ్మి విద్యార్థులను తీసుకెళ్లకూడదు. యాత్రకు రెండు మూడు వారాల ముందు, అదే కాలంలో, అదే సమయానికి బయలుదేరి, బాధ్యుడైన అధ్యాపకుడు, కనీసం నలుగురు సీనియర్లు ఆ దారిని పూర్తిగా నడవాలి. స్థానికుల్లో దారి తెలిసిన ఒకరిని వెంట తీసుకెళ్లి, యాత్ర రోజులకు కూడా కూలి ఇచ్చి ఆయనను మాట్లాడుకోవాలి.

నడుస్తూ ప్రతి మలుపు దగ్గర సమయం రాసుకోండి. అలవాటున్నవారు గంటకు నాలుగు కిలోమీటర్లు నడిచిన దారిలో పదిమంది కొత్తవారి బృందం ఆగుతూ సాగుతూ రెండున్నర కిలోమీటర్లకు మించి నడవదు. అంటే ఎనిమిది కిలోమీటర్ల దారికి నడకే మూడు గంటలు దాటుతుంది, భోజనం, విశ్రాంతి కలిపితే ఐదు గంటలు. సెప్టెంబర్‌లో సాయంత్రం ఆరుంపావుకల్లా పొద్దు వాలుతుంది కాబట్టి నాలుగు గంటలకు బసకు చేరేలా లెక్క వేసుకోవాలి.

మొదటి రోజు నాలుగైదు కిలోమీటర్లు, రెండో రోజు ఎనిమిది కిలోమీటర్లలోపు సరిపోతాయి. ఎక్కవలసిన ఎత్తు రోజుకు 300 మీటర్లు దాటకుండా చూసుకోండి. ప్రతి దారికీ ఒక తిరుగు సమయాన్ని నిర్ణయించాలి. ఆ సమయానికి ఎంత దూరం వెళ్లినా, గమ్యం కళ్లముందే కనిపిస్తున్నా, వెనక్కి తిరగవలసిందే.

## 4. అనుమతులు, కాగితాలు సిద్ధం చేయండి

విద్యార్థుల జాబితా కౌన్సెలింగ్ ముగిసేదాకా రాదు. అందుకని జాబితా లేకుండానే పూర్తి చేయగల పనులను ముందు ముగించాలి.

జాబితా రాకముందు:

- ప్రిన్సిపాల్ లిఖితపూర్వక ఆమోదం, బాధ్యుడైన అధ్యాపకుడి నియామక పత్రం
- జిల్లా అటవీ అధికారి కార్యాలయంలో దరఖాస్తు, అనుమతి ప్రతి
- స్థానిక పోలీస్ స్టేషన్‌కు సమాచార లేఖ
- బస ఖరారు, తేదీ మార్చుకునే వెసులుబాటుతో ఒప్పందం
- బస్సుల పర్మిట్, ఫిట్‌నెస్, బీమా ప్రతులు, డ్రైవర్ల లైసెన్సులు

జాబితా వచ్చాక:

- తల్లిదండ్రుల సమ్మతి పత్రం, ముఖ్యంగా 18 ఏళ్లు నిండనివారికి
- ఆరోగ్య వివరాల పత్రం
- స్వల్పకాలిక ప్రమాద బీమా
- బృందాల వారీగా పేర్లు, ఇంటి ఫోన్ నంబర్లు మూడు ప్రతులు: బృంద నాయకుడి దగ్గర ఒకటి, బసలో ఒకటి, కళాశాలలో ఒకటి

బస్సుల విషయంలో ఒక నియమం ఉంది, దాన్ని ఎవరి కోసమూ సడలించకూడదు. రాత్రి ప్రయాణం వద్దు. ఉదయం ఆరింటికి బయలుదేరండి, మర్నాడు చీకటి పడకముందే కళాశాలకు చేరండి. కొండల్లో ఎదురయ్యే ఏ ప్రమాదం కంటే రోడ్డు ప్రమాదానికే అవకాశం ఎక్కువ.

విద్యార్థుల నుంచి రుసుము వసూలు చేయకుండా కళాశాలే ఖర్చు భరిస్తే మంచిది. రుసుము పెట్టిన మరుక్షణం, ఎవరికి ఈ పరిచయాలు ఎక్కువ అవసరమో ఆ పిల్లలే ఏదో ఒక సాకు చెప్పి ఆగిపోతారు. రానివారికి హాజరు కోత పెట్టకూడదు, వచ్చినవారికి అదనపు మార్కులూ ఇవ్వకూడదు.

## 5. సీనియర్లను ఎంచుకోండి, శిక్షణ ఇవ్వండి

యాత్ర బాగుపడేదీ, పాడయ్యేదీ ఇక్కడే. ఆరు బృందాలకు పన్నెండు మంది సీనియర్లు కావాలి. బృందానికి ఒక అబ్బాయి, ఒక అమ్మాయి ఉండాలి. రెండు బృందాలకు ఒక అధ్యాపకుడు చొప్పున ముగ్గురు, బసలో వాహనంతో సహా కదలకుండా ఉండే మరో అధ్యాపకుడు, మొత్తం నలుగురు. అధ్యాపకుల్లో కనీసం ఇద్దరు మహిళలు ఉండాలి.

ఎంపికలో కండబలం, క్రీడాపతకాలు చూడకండి. ఈ ఒక్క ప్రశ్న అడిగి చూడండి: సగం దారిలో ఒకమ్మాయి ఇక నడవలేనని కూర్చుండిపోతే మీరేం చేస్తారు? ప్రోత్సహించి నడిపిస్తాను అనేవాడి కంటే, బృందాన్ని ఆపుతాను, పక్కకు తీసుకెళ్లి ఏమైందో అడుగుతాను, బూట్లు విప్పి పాదాలు చూస్తాను, తన సంచీ నేను తీసుకుంటాను అనేవాడు మీకు కావలసిన మనిషి.

ప్రథమ చికిత్స శిక్షణ తప్పనిసరి. రెడ్‌క్రాస్ లేదా సెయింట్ జాన్ అంబులెన్స్ వారి కోర్సును పన్నెండు మందికీ ఇప్పించండి. అమెరికా విశ్వవిద్యాలయాల్లో ఇలాంటి యాత్రలను నడిపే విద్యార్థి నాయకులు సాధారణంగా చదివే అడవి ప్రథమ చికిత్స కోర్సు నిడివి 16 గంటలు. మన దగ్గర కనీసం రెండు పూర్తి రోజులైనా కేటాయించాలి. బెణుకు, వడదెబ్బ, ఆస్తమా, మూర్ఛ, పాముకాటు, తేనెటీగల దాడి సందర్భాలను నటించి చూపించి, చేయించి చూడాలి.

ఇక ప్రవర్తన నియమాలు. యూజీసీ 2009 ర్యాగింగ్ నిరోధక నిబంధనలు కళాశాల ఆవరణలోనే కాదు, బయట కూడా వర్తిస్తాయి. పరిచయాల పేరుతో బలవంతంగా పాడించడం, ఆడించడం, మారుపేర్లు పెట్టడం ర్యాగింగే. సీనియర్లందరి చేతా చదివించి సంతకం తీసుకోవలసిన నియమాలు ఇవి:

- ఎప్‌సెట్ ర్యాంకు అడగకూడదు.
- ఇంటిపేరు, కులం, సీటు ఏ కోటాలో వచ్చిందన్న ప్రస్తావన తేకూడదు.
- ఇంటర్ ఏ కళాశాల, ఏ మీడియం అన్నది సంభాషణకు మొదటి మాట కాకూడదు.
- పొగాకు, మద్యం దగ్గర ఉన్నట్టు తేలితే అక్కడికక్కడే బాధ్యత నుంచి తప్పిస్తారు.
- కొత్త విద్యార్థి వద్దన్న పనికి రెండోసారి అడగకూడదు.
- విద్యార్థుల గదుల్లోకి అధ్యాపకుడు లేకుండా వెళ్లకూడదు.

ర్యాంకు గురించిన నియమాన్ని చిన్నదిగా తీసుకునేవారుంటారు. రెండేళ్లు ఆ ఒక్క అంకెతోనే తూకం వేయించుకుని వచ్చిన పిల్లలకు, ఎవరూ దాన్ని అడగని రెండు రోజులు ఎంత ఊరటనిస్తాయో వారి ముఖాల్లోనే కనిపిస్తుంది. ర్యాగింగ్ నిరోధక హెల్ప్‌లైన్ 1800-180-5522 నంబరును బయలుదేరే ముందే ప్రతి విద్యార్థికీ చీటీ మీద రాసి ఇవ్వండి.

## 6. ఆరోగ్య వివరాలను రెండుసార్లు అడగండి

పత్రంలో ఆస్తమా, మూర్ఛ, గుండె జబ్బు, మధుమేహం, మందుల లేదా ఆహారపు ఎలర్జీ, ఇటీవలి జ్వరాలు, శస్త్రచికిత్సలు, రోజూ వేసుకునే మందులు, ఎత్తులంటే భయం అనే అంశాలు ఉండాలి.

తల్లిదండ్రుల పక్కన కూర్చుని నింపిన పత్రంలో అన్నీ ఉండవు. చిన్నప్పుడు మూర్ఛ వచ్చిందని రాస్తే వెళ్లనివ్వరేమోనని దాచిపెట్టేవారుంటారు. అందుకే బయలుదేరడానికి రెండు రోజుల ముందు ఒక అధ్యాపకుడు, ఒక అధ్యాపకురాలు ప్రతి విద్యార్థితో విడిగా రెండు నిమిషాలు మాట్లాడాలి. తెలిసిన విషయం బాధ్యుడికీ, ఆ బృందపు ఇద్దరు సీనియర్లకూ తప్ప మరెవరికీ చేరకూడదు.

ఇన్‌హేలర్ వాడేవారు రెండు తెచ్చుకోవాలి: ఒకటి తన జేబులో, ఒకటి నాయకుడి సంచీలో. నెలసరి సమయమైతే నడక మానేసి బసలో ఉండవచ్చని, అందుకు కారణం చెప్పనక్కర్లేదని అమ్మాయిలకు ముందే తెలియజేయాలి. శానిటరీ ప్యాడ్లు, వాడినవి మూటగట్టి తేవడానికి కాగితపు సంచులు బృందపు పెట్టెలోనే ఉంచాలి.

నడవడం ఇష్టం లేనివారికి బసలో వంట, సామాను లెక్క, వాతావరణ సమాచారం చూడడం వంటి నిజమైన పనులు అప్పగించండి. అలా ఉండిపోయినవారు తక్కువవారన్న భావన ఎవరి మాటలోనూ రాకూడదు.

## 7. సామాను సర్దండి

బూట్ల గురించే ఎక్కువ ఫోన్లు వస్తాయి. కొత్త బూట్లు కొనవద్దు. ఇప్పటికే వాడుతున్న, అడుగున పట్టున్న స్పోర్ట్స్ బూట్లు చాలు. కొత్తవి కొనక తప్పకపోతే రెండు వారాలు రోజూ తొడుక్కుని తిరగాలి. జీన్స్ ప్యాంటు తడిస్తే బరువెక్కుతుంది, తొందరగా ఆరదు, తొడలు ఒరుసుకుపోతాయి. ట్రాక్ ప్యాంటు మంచిది.

పగటి నడకకు ప్రతి విద్యార్థి సంచీలో:

- రెండు లీటర్ల నీళ్లు
- రెయిన్‌కోట్ (కొండమీద గొడుగు వద్దు)
- టోపీ, పొడవు చేతుల చొక్కా
- అదనపు మేజోళ్లు ఒక జత
- ఈల, మెడలో తాడుతో
- టార్చి, పగలైనా సరే
- పల్లీ చిక్కీ లేదా జంతికలు, రెండు అరటిపండ్లు
- సొంత మందులు, పేరు రాసిన చీటీతో
- ఫోన్, ప్లాస్టిక్ కవరులో చుట్టి

బృందపు సంచీలో:

- ప్రథమ చికిత్స పెట్టె: గాజుగుడ్డ, క్రేప్ బ్యాండేజీలు, క్రిమినాశిని, బొబ్బలకు అతికించే పట్టీలు, పారాసెటమాల్, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు పది
- టార్పాలిన్ ఒకటి, పది మీటర్ల తాడు
- నీటి శుద్ధి మాత్రలు
- పవర్ బ్యాంకు
- దారి పటం కాగితం మీద అచ్చు వేసినది
- చెత్త తిరిగి తెచ్చేందుకు రెండు గట్టి సంచులు
- చిన్న తాపీ లేదా పలుగు

ఆ పలుగు ఎందుకంటే, దారిలో మలవిసర్జన తప్పనిసరైతే నీటి వనరుకు, కాలిబాటకు 60 మీటర్ల దూరంలో జానెడు లోతు గుంట తీసి, తర్వాత మట్టితో పూడ్చాలి. ఈ విషయాన్ని సిగ్గుపడకుండా బయలుదేరే ముందే అందరికీ చెప్పాలి. చెప్పకపోతే అమ్మాయిలు నీళ్లు తాగడం మానేస్తారు, మధ్యాహ్నానికి కళ్లు తిరుగుతాయి.

రెయిన్‌కోట్లు, సంచులు, టార్చీలు కళాశాలే కొని ఏటా అరువివ్వడం మంచిది. లేనివారు అడగవలసిన పరిస్థితి రాకుండా అందరికీ ఒకేలా పంచండి.

## 8. తిండి, నీళ్లు

మొదటి రోజు మధ్యాహ్నానికి పులిహోర ఉత్తమం, చింతపండు పులుపు వల్ల సాయంత్రందాకా నిలుస్తుంది. కొబ్బరి పచ్చడి, సాంబారన్నం, పెరుగన్నం మూటగట్టుకుని నడవకండి, వానాకాలపు ఉక్కలో తొందరగా పాడవుతాయి. రాత్రికి బసలో పప్పు, అన్నం, ఒక కూర, మజ్జిగ చాలు. ఒక పూటకు మనిషికి బియ్యం 150 గ్రాములు, కందిపప్పు 50 గ్రాముల లెక్కన కొంటే పదిమందికి కిలోన్నర బియ్యం, అరకిలో పప్పు అవుతాయి. నడిచొచ్చిన పిల్లలకు మరో పిడికెడు కలుపుకోండి.

వంటను బృందాలకే అప్పగించండి. ఉల్లిపాయలు తరుగుతూ, గ్యాస్ పొయ్యి దగ్గర నిలబడి జరిగే మాటలే రేపటి స్నేహాలకు మొదలు. అడవిలో కట్టెలు ఏరి మంట పెట్టకూడదు, చలిమంట కూడా వద్దు.

తాగునీరు బస నుంచే తీసుకెళ్లాలి. ఊట నీరైనా సరే, మరిగించకుండా లేదా మాత్ర వేసి చెప్పిన సమయం ఆగకుండా తాగనివ్వకండి. ఓఆర్‌ఎస్ ప్యాకెట్ మొత్తాన్ని దాని మీద రాసినన్ని నీళ్లలో (పెద్ద ప్యాకెట్‌కు ఒక లీటరు) కలపాలి, గ్లాసులో సగం ప్యాకెట్ వేసి ఇవ్వడం తప్పు.

## 9. రెండు రోజుల నడక క్రమం

ముందురోజు సాయంత్రం ఆరింటికి వాతావరణ శాఖ హెచ్చరికలు చూడాలి. జిల్లాకు ఆరెంజ్ లేదా రెడ్ హెచ్చరిక ఉంటే యాత్ర వాయిదా వేయాలి. ఈ నిర్ణయం తీసుకునే వ్యక్తి ఒక్కరే ఉండాలి, ఆ పేరు ముందే రాసి ఉండాలి. అడ్వాన్సు ఇచ్చేశామన్న మాట ఆ సమయంలో ఎవరూ ఎత్తకూడదు.

మొదటి రోజు:

1. బస్సు ఎక్కే ముందు బృందాల వారీగా లెక్క. బ్రాంచీలు, హాస్టల్ విద్యార్థులు, ఇంటి నుంచి వచ్చేవారు కలిసిపోయేలా బృందాలు ఏర్పాటు చేయండి. ఒకే ఇంటర్ కళాశాల నుంచి వచ్చిన మిత్రులను విడదీయండి, కానీ అమ్మాయి ఒక్కతే ఉండే బృందం చేయవద్దు.
2. బసకు చేరాక అల్పాహారం, ఆపై అరగంట భద్రతా సూచనలు. తెలుగులో చెప్పండి, తెలుగు రానివారికి హిందీలోనో ఇంగ్లిష్‌లోనో మళ్లీ చెప్పండి.
3. సంచుల తనిఖీ. నీళ్లు, రెయిన్‌కోట్, ఈల లేనివారు కదలకూడదు.
4. నడక. ముందు ఒక సీనియర్, చివర ఒక సీనియర్. ముందున్నవారిని ఎవరూ దాటకూడదు, చివరివారి వెనక ఎవరూ మిగలకూడదు. అందరికంటే నెమ్మదిగా నడిచేవారిని ముందున్న సీనియర్ వెనకే ఉంచండి, బృందం వేగం దానంతటదే కుదురుకుంటుంది.
5. బయలుదేరిన పావుగంటకు మొదటి విరామం. బూట్లు సర్దుకోవడానికి, పాదంలో ఎక్కడైనా మంట పుడితే వెంటనే పట్టీ వేయడానికి ఇదే సమయం. బొబ్బ లేచాక వేసే పట్టీ ఉపశమనం మాత్రమే.
6. తర్వాత ప్రతి నలభై నిమిషాలకు పది నిమిషాల విరామం, ప్రతి విరామంలోనూ తలల లెక్క. వెనకబడినవారు చేరాక కూడా పూర్తి పది నిమిషాలు ఆగాలి. వారు రాగానే బయలుదేరితే అలసినవారికి విశ్రాంతే ఉండదు.
7. నాలుగింటికి బస. స్నానం, టీ, వంట.
8. రాత్రి ఎనిమిదింటికి సోలార్ దీపం చుట్టూ కూర్చుని మాటలు. సీనియర్లే మొదట మాట్లాడాలి. మొదటి సెమిస్టర్‌లో గణితం తప్పి, తర్వాత గట్టెక్కిన సీనియర్ ఒకరు ఆ సంగతి నిజాయితీగా చెబితే, తమ భయాలు చెప్పడానికి కొత్తవారికి దారి దొరుకుతుంది. మాట్లాడనివారిని మాట్లాడమని ఒత్తిడి చేయకండి.
9. పదింటికి దీపాలు ఆర్పాలి. అధ్యాపకులు వంతులవారీగా మేలుకుని ఉండాలి.

రెండో రోజు ఆరున్నరకు టిఫిను, ఏడున్నరకు నడక మొదలు. దారి పటం చూసి నడిపించే పనిని ఈరోజు కొత్త విద్యార్థులకు ఇద్దరిద్దరికి అప్పగించండి. దారి తప్పుతున్నారని తెలిసినా అపాయం లేనంతవరకు కొన్ని నిమిషాలు ఓపిక పట్టండి. పన్నెండున్నరకు బస, భోజనం, శుభ్రం చేయడం, మూడింటికి బస్సు.

## 10. నీటి దగ్గర నియమం ఒక్కటే

2014 జూన్ 8న హిమాచల్ ప్రదేశ్‌లో బియాస్ నదిలో రాళ్ల మీద నిలబడి ఫొటోలు తీసుకుంటున్న హైదరాబాద్ ఇంజినీరింగ్ విద్యార్థులు 24 మంది, ఎగువన లార్జీ ఆనకట్ట నుంచి వదిలిన నీటిలో కొట్టుకుపోయి ప్రాణాలు కోల్పోయారు. నీరు నిమిషాల్లో పెరిగింది. మన కళాశాలల నుంచి ఎవరు యాత్రకు బయలుదేరినా ఈ సంగతిని పేరుపేరునా గుర్తుచేయాలి.

అందుకే నియమం ఇది: ఈ యాత్రలో ఎవరూ నీళ్లలో దిగరు. ఈత వచ్చినా, మోకాలి లోతే అయినా, అధ్యాపకుడే పక్కన ఉన్నా దిగరు. జలపాతాన్ని చూడాలనుకుంటే రెయిలింగ్ ఉన్న చోటు నుంచే చూడాలి. అనంతగిరి దగ్గరి కోటేపల్లి జలాశయంలో పడవ షికారును ఈ యాత్రలో కలపకండి.

ఎండిన వాగు పక్కన కూడా భోజనానికి కూర్చోకూడదు. ఇక్కడ చినుకు లేకపోయినా పైన కురిసిన వాన కిందికి వస్తుంది. నీరు ఉన్నట్టుండి బురదరంగుకు మారినా, ఆకులూ పుల్లలూ కొట్టుకొచ్చినా, పైనుంచి హోరు వినిపించినా సామాను వదిలేసి గట్టెక్కాలి.

## 11. మిగిలిన అపాయాలు, వెంటనే చేయవలసినవి

పిడుగులు. మెరుపుకూ ఉరుముకూ మధ్య ముప్పై సెకన్లలోపు వ్యవధి ఉంటే కొండ శిఖరం, ఒంటరి చెట్టు, మైదానం వదిలి భవనంలోకో బస్సులోకో చేరాలి. ఆఖరి ఉరుము తర్వాత అరగంట ఆగాలి. పిడుగుల గురించి హెచ్చరించే దామిని యాప్‌ను సీనియర్లందరి ఫోన్లలో ముందే పెట్టించండి.

తేనెటీగలు. పెద్ద బండల కింద, ఎత్తైన చెట్ల మీద తేనెపట్లు ఉంటాయి. అత్తరు, పొగ, రాయి విసరడం, అరుపులు వాటిని రేపుతాయి. దాడి జరిగితే ముఖం కప్పుకుని వీలైనంత దూరం పరిగెత్తాలి, నీళ్లలో దూకకూడదు. ముళ్లను వెంటనే గీకి తీసేయాలి. పెదవులు వాచినా, ఊపిరాడకపోయినా ఆసుపత్రికి క్షణం ఆలస్యం చేయకూడదు.

పాములు. బూట్లు దులిపి తొడుక్కోవాలి, చీకట్లో టార్చి లేకుండా అడుగు వేయకూడదు, బండల సందుల్లో చేయి పెట్టకూడదు. నేల మీద పడుకోకూడదు. కట్లపాము రాత్రిపూట నిద్రలో ఉన్నవారిని కరిస్తే నొప్పి కూడా తెలియకపోవచ్చు. కాటు పడితే ఆ వ్యక్తిని కదలనివ్వకుండా, కాలికి లేదా చేతికి కర్ర ఊతం కట్టి, ఉంగరాలు తీసి, మోసుకుని వాహనం దాకా చేర్చాలి. గట్టిగా తాడు కట్టడం, కోయడం, నోటితో పీల్చడం, నాటుమందు వేయడం చేయకూడదు. పామును చంపి తెచ్చే ప్రయత్నమూ వద్దు. 108కు ఫోన్ చేస్తూనే మీ వాహనంలో బయలుదేరండి, దారిలో అంబులెన్స్ ఎదురైతే మార్చవచ్చు.

దారి తప్పడం. తప్పినట్టు అనిపించిన చోటే ఆగి, ఈల మూడుసార్లు ఊదాలి, నిమిషం ఆగి మళ్లీ ఊదాలి. వెతుక్కుంటూ నడవకూడదు. ఈ ఒక్క అంశాన్ని బసలో అందరి చేతా చేయించి చూడండి.

## 12. తరచుగా జరిగే పొరపాట్లు, సవరణలు

యాత్రను పోటీగా మార్చడం. ఏ బృందం ముందు చేరిందని ప్రకటించడం మొదలైతే నెమ్మదిగా నడిచేవారు బృందానికి భారమైపోతారు. బృందాలను అరగంట తేడాతో, వీలైతే వేర్వేరు దారుల్లో పంపండి.

ఫోన్లు లాగేసుకోవడం. అత్యవసర సాధనాన్ని తీసేయడమే కాక, ఇంటికి దూరమైన మొదటి వారంలోనే పిల్లలను భయపెట్టినట్టవుతుంది. సంచీలో పెట్టుకోమనండి, సాయంత్రం అరగంట ఇంటికి మాట్లాడే సమయం ఇవ్వండి.

అంచుల మీద సెల్ఫీలు. వద్దని చెబితే సరిపోదు. విశాలమైన, అంచుకు దూరమైన ఒక చోటును ముందుగా ఎంచి, అక్కడ బృందపు ఫొటో సీనియరే తీయాలి.

వచ్చిన ప్రతివారికీ ఉపన్యాసం ఇచ్చే అవకాశం కల్పించడం. యాజమాన్యం తరఫున ఎవరైనా వస్తే కలిసి భోజనం చేయమనండి.

సీనియర్లు తమలో తాము కూడుకోవడం. రాత్రి భోజనంలో దీన్ని ఎక్కువగా చూస్తాం. ప్రతి సీనియరూ తన బృందంతోనే తినాలి. వారి ముచ్చట్లకు యాత్ర ముగిశాక ఒక సాయంత్రం కేటాయించండి.

ఏడ్చేవారిని ఊరుకోబెట్టే తొందర. ఇల్లు గుర్తొచ్చి ఏడవడం ఈ వయసులో సహజం. ఒక సీనియర్ పక్కన కూర్చుంటే చాలు. మర్నాటికీ తేరుకోకపోతే, నిద్రాహారాలు మానేస్తే, కళాశాల కౌన్సెలర్‌కు అప్పగించే బాధ్యత అధ్యాపకుడిది.

## 13. తిరిగి వచ్చాక చేయవలసినవి

బస్సు దిగగానే చివరి లెక్క తీసుకుని, ఇంటికి వెళ్లవలసినవారు చేరినట్టు సందేశం వచ్చేదాకా బృంద నాయకులు తమ జాబితా మూసివేయకూడదు. వారం లోపు సీనియర్లు, అధ్యాపకులు కూర్చుని, ప్రమాదం కాబోయి తప్పిన ప్రతి సందర్భాన్నీ తేదీ, సమయం, చోటుతో సహా రాయాలి. తప్పు ఎవరిదన్న చర్చ ఈ సమావేశంలో వద్దు. వచ్చే ఏడాది నిర్వాహకులకు ముందుగా అందవలసిన కాగితం ఇదే.

విద్యార్థుల చేత పేర్లు లేకుండా మూడు ప్రశ్నలకు జవాబులు రాయించండి: ఏ సమయంలో ఇబ్బంది పడ్డారు, ఎవరితోనైనా అసౌకర్యం కలిగిందా, వచ్చే ఏటి వారి కోసం ఏం మార్చాలి. రెండో ప్రశ్నకు వచ్చిన జవాబులను సీనియర్లు కాక అధ్యాపకురాలు ఒకరు చదవాలి.

బృందాలు రెండో వారంలో ఒకసారి, మొదటి మిడ్ పరీక్షలకు ముందు మరోసారి కలుసుకునేలా తేదీలు యాత్రలోనే ఖాయం చేయండి. క్యాంటీన్‌లో టీ తాగడమైనా సరే, ఇద్దరు సీనియర్లూ హాజరు కావాలి.

తిరిగొచ్చిన మూడు వారాల్లోపు ఎవరికైనా జ్వరం వస్తే, అడవిలో నడిచి వచ్చామన్న సంగతి వైద్యుడికి తప్పక చెప్పమనండి. పొదల్లో ఉండే చిగ్గర్లు అనే సూక్ష్మమైన పురుగుల కాటుతో వచ్చే స్క్రబ్ టైఫస్ మామూలు జ్వరంలాగే మొదలవుతుంది. నడుము, చంకలు, గజ్జల దగ్గర నల్లటి పెచ్చు కట్టిన మచ్చ ఉందేమో చూసుకోవాలి. సకాలంలో గుర్తిస్తే దానికి తగిన యాంటీబయాటిక్ ఉంది. ఈ సూచనను చీటీ మీద అచ్చువేసి బస్సు దిగేటప్పుడే అందరికీ ఇవ్వండి, హాస్టల్ వార్డెన్‌కూ ఒక ప్రతి పంపండి.